ఫోన్ ఎవరి చేతికీ ఇవ్వకుండా ఎన్ని పనులు చేసుకోగలం?

కొత్త ఫోన్ అనగానే మనం అడిగే ప్రశ్నలు అందరికీ తెలిసినవే. కెమెరా ఎన్ని మెగాపిక్సెల్? బ్యాటరీ ఎంత? గేమ్ ఆడితే వేడెక్కుతుందా? నా రివ్యూల్లో నేనూ ఇవే రాస్తాను, ఇక మీదట కూడా రాస్తాను. కానీ కరీంనగర్‌లో ఉంటూ, అప్పుడప్పుడూ ఆదిలాబాద్ వైపు చుట్టాల ఇళ్లకు వెళ్లొచ్చే నాకు ఈ ప్రశ్నలకు అందని సమస్య ఒకటి రోజూ కనిపిస్తుంటుంది. ఫోన్ కొన్నది ఒకరు, నొక్కేది ఇంకొకరు.

అందుకే ఈ మధ్య ఏ ఫోన్ చేతికొచ్చినా ఇంకో లెక్క కూడా చూస్తున్నాను. దాని యజమాని రోజులో ఎన్నిసార్లు దాన్ని పక్కవాళ్ల చేతికి ఇవ్వాల్సి వస్తోంది? ఈ లెక్క ఎంత తగ్గితే ఫోన్ అంత మంచిది. వినడానికి చిన్న విషయంలా ఉన్నా దీని వెనక డబ్బుంది, మర్యాద ఉంది.

"పైసలు పడ్డయా, పోయినయా?"

మా చిన్నమ్మ జగిత్యాల దగ్గర ఊళ్లో బీడీలు చేస్తది. స్మార్ట్‌ఫోన్ వాడబట్టి నాలుగేళ్లు. వీడియో కాల్ చేస్తది, యూట్యూబ్‌లో కావలసింది వెతుక్కుంటది, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పంపుతది. అంటే ఆమెకు ఫోన్ రాదని అనలేం. కానీ బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చిందంటే ఫోన్ పట్టుకుని వాకిట్లోకి వస్తది. "బిడ్డా, గిది జర సూడు. పైసలు పడ్డయా, పోయినయా?"

ఆ మెసేజ్‌లో అంకెలు ఆమెకు తెలుసు. అర్థం కానిది ఒక్క మాటే. క్రెడిటెడా, డెబిటెడా? ఆ ఒక్క మాట కోసం ఎదురింటి ఇంటర్ పిల్లవాడికి ఖాతాలో ఎంతుందో తెలిసిపోతది. గ్యాస్ బుకింగ్ ఓటీపీ చదివిపెట్టేది ఇంకొకరు. యూపీఐ పిన్ సెట్ చేసింది మొబైల్ షాపు అబ్బాయి, కాబట్టి ఆ పిన్ అతనికీ తెలుసు. గూగుల్ అకౌంట్ తెరిచిందీ అతనే. పాస్‌వర్డ్ ఆమెకు తెలియదు, అతనికి గుర్తుండదు. రేపు ఫోన్ పోతే నంబర్లు, ఫోటోలు తిరిగొచ్చే దారి లేదు.

ఇందులో ఎవరూ చెడ్డవాళ్లు కారు. షాపు అబ్బాయి సాయమే చేశాడు, ఎదురింటి పిల్లవాడూ సాయమే చేస్తున్నాడు. కానీ ఇలా అలవాటైన చెయ్యి రేపు తెలియని మనిషి ఫోన్ చేసి "అమ్మా, ఓటీపీ చెప్పండి" అన్నా చెప్పేస్తుంది. పిన్ ఇంకొకరికి చెప్పడం మామూలు సంగతి అయిపోయిన ఇంట్లో మోసగాడికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు. కాబట్టి చదువుకోగలిగే స్క్రీన్ కూడా ఫోన్‌కు తాళమే.

బ్యాంకు మెసేజ్ ఇంగ్లిష్‌లోనే ఎందుకు?

దీనికి ఒక టెక్నికల్ కారణం ఉంది. మామూలు ఎస్ఎంఎస్‌లో ఇంగ్లిష్ అయితే 160 అక్షరాలు పడతాయి. తెలుగు లాంటి లిపులకు వేరే కోడింగ్ వాడాలి, అందులో 70 మాత్రమే పడతాయి. పైగా మనం ఒక్క అక్షరం అనుకునేది ఫోన్‌కు ఒక్కటి కాదు. గుణింతం గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, వత్తు ఒకటి, అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. "మీ ఖాతాలో రూ. 2,000 జమ అయ్యాయి" అన్న చిన్న వాక్యానికే 30 స్థానాలు పోతాయి. ఖాతా నంబరు, తేదీ, మిగిలిన నిల్వ కూడా చేర్చితే 70 దాటుతుంది. దాటితే అది రెండు మెసేజ్‌ల లెక్క. కోట్ల మెసేజ్‌లు పంపే సంస్థకు అది ఖర్చు.

కానీ ఇది పూర్తి సాకు కాదు. ఫోన్ వైపు నుంచి అడ్డేమీ లేదు. భారతీయ ప్రమాణాల సంస్థ 2016లో తెచ్చిన ఐఎస్ 16333 మూడో భాగం ప్రకారం, మన దేశంలో అమ్మే మొబైల్‌లో 22 అధికార భాషల్లో దేనిలో మెసేజ్ వచ్చినా చదవగలగాలి. టైపింగ్‌కు ఇంగ్లిష్, హిందీతో పాటు కనీసం ఇంకో భారతీయ భాష ఉండాలి. అంటే చౌక ఫోన్‌కూ తెలుగు చదివే సత్తా ఉంది. తెలుగులో పంపేవాళ్లే తక్కువ.

అంతవరకూ ఆగలేం కాబట్టి రెండు దారులు చెబుతాను. మొదటిది గూగుల్ లెన్స్. మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి లెన్స్‌లో "అనువాదం" నొక్కితే తెలుగులో చూపిస్తుంది. "జమ", "తీసివేత" తేడా తెలుసుకోవడానికి ఇది చాలు. రెండోది ఆండ్రాయిడ్‌లో యాక్సెసిబిలిటీ కింద ఉండే "సెలెక్ట్ టు స్పీక్". స్క్రీన్ మీద ఏ మాట మీద వేలు పెడితే ఆ మాట పైకి చదువుతుంది, తెలుగు కూడా చదువుతుంది. కళ్లజోడు ఇంట్లో మర్చిపోయిన రోజు నాక్కూడా పనికొచ్చింది.

తెలుగు మెనూ పెడితే ఊరోళ్లమా?

టవర్ సర్కిల్ చుట్టుపక్కల ఏ మొబైల్ షాపుకైనా వెళ్లి కొత్త ఫోన్ తెరిచేటప్పుడు గమనించండి. మొదటి స్క్రీన్ అడిగేదే భాష. కొన్నవాళ్లు అది చూసేలోపే షాపు అబ్బాయి వేలు ఇంగ్లిష్ మీద పడుతుంది. ఎవరినీ అడగడు. అడిగినా చాలామంది "ఇంగ్లిషే ఉండనీ" అంటారు. ఎందుకంటే ఫోన్ ఇప్పుడు చేతి గడియారం లాంటిది, మన గురించి పక్కవాళ్లకు ఏదో చెబుతుంది. తెలుగు మెనూ కనిపిస్తే చదువురానోళ్లు అనుకుంటారేమోనని భయం. నలభై వేల ఫోన్ పట్టుకుని "సెట్టింగ్‌లు" అని తెలుగులో కనిపిస్తే స్టైల్ పోయినట్టు లెక్క.

ఈ భయాన్ని నేను తీసిపారేయను. స్టైల్ చిన్న విషయం కాదు. సంతకు వెళ్లేటప్పుడు కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుంటాం కదా. కానీ ఈ రెండూ పొసగేలా చేసే సదుపాయం ఇప్పటికే ఫోన్లలో ఉంది, షాపుల్లో ఎవరూ చెప్పరంతే. ఆండ్రాయిడ్ 13 నుంచి, అంటే 2022 నుంచి, ఒక్కో యాప్‌కు ఒక్కో భాష పెట్టుకోవచ్చు. ఐఫోన్‌లో ఇది ఐఓఎస్ 13 నుంచే ఉంది. ఫోన్ మొత్తం ఇంగ్లిష్‌లో ఉంచుకుని డబ్బు యాప్ ఒక్కటి తెలుగులోకి మార్చుకోండి. సెట్టింగ్స్‌లో భాషల విభాగంలోకి వెళ్లి "యాప్ లాంగ్వేజెస్" చూడండి. ఫోన్‌పే, గూగుల్ పే రెండింటిలోనూ తెలుగు ఉంది. "పే" లాంటి బటన్లు తెలుగులో కనిపిస్తే, డబ్బు పంపుతున్నామా లేదా అన్నది నొక్కకముందే తెలుస్తుంది.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమంటే, డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ లేదు. డబ్బు వస్తుందంటూ పిన్ అడిగితే డబ్బు పోతోందని అర్థం. తెలుగు స్క్రీన్ మీద ఇది కనబడుతుంది, ఇంగ్లిష్ స్క్రీన్ మీద నమ్మకంతో నొక్కాల్సిందే.

ఏ తెలుగు?

మెనూ తెలుగులో పెట్టినవాళ్లు వారంలోపే మళ్లీ ఇంగ్లిష్‌లోకి వెళ్లడం నేను చాలా చూశాను. తప్పు వాళ్లది కాదు. ఓసారి చిన్నమ్మ పిన్ కొడుతుంటే ఒక అంకె తప్పు పడింది. స్క్రీన్ మీద "ప్రామాణీకరణ విఫలమైంది" అని వచ్చింది. "గిదేంది, శ్లోకమా?" అన్నది. "పిన్ తప్పు పడింది, మళ్లీ కొట్టండి" అంటే సరిపోయేది. "స్కిప్" అన్నచోట "దాటవేయి", "సబ్మిట్" అన్నచోట "సమర్పించు" లాంటివి ఇంకా ఉన్నాయి. వ్యాకరణం ప్రకారం ఇందులో ఏ తప్పూ లేదు. కానీ కరీంనగర్ బస్టాండులో నిలబడి ఎవరితోనైనా ఇలా మాట్లాడి చూడండి.

వ్యవసాయ మార్కెట్‌లో, బ్యాంకులో, బడిలో మనం వాడే తెలుగులో పిన్, మెసేజ్, అకౌంట్, బ్యాలెన్స్ అన్నీ తెలుగు మాటలైపోయాయి. వాటిని అలాగే ఉంచి చుట్టూ ఉన్న వాక్యాన్ని సులువు చేయడమే మంచి అనువాదం. నేను చూసినంతలో చిన్న వాక్యాలు, వాడుక మాటలు ఉన్న యాప్‌ల దగ్గర ఫోన్ చేతులు మారదు. డిక్షనరీ మాటలున్న యాప్‌ల దగ్గర మారుతుంది. తెలుగు ఉందా లేదా అని ఒక గడిలో టిక్కు పెట్టి ఊరుకుంటే ఈ తేడా తెలియదు.

టైపింగ్: మీ చేతికి ఏది సరిపోతుంది?

తెలుగు రాయడానికి జీబోర్డ్‌లోనే నాలుగు పద్ధతులున్నాయి. ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగులోకి మారేది ఒకటి. ఇది ఇంగ్లిష్ మీడియం పిల్లలకు, నా లాంటివాళ్లకు వేగంగా వస్తుంది. అ, ఆ, ఇ, ఈ వరుసలో తెలుగు అక్షరాలే ఉండేది రెండోది. ఇంగ్లిష్ స్పెల్లింగ్ రానివాళ్లకు ఇదే సరైనది, కానీ వత్తుల దగ్గర మొదటి రెండు రోజులు విసుగొస్తుంది. వేలితో స్క్రీన్ మీద రాసేది మూడోది. పలకా బలపం పట్టిన తరం వాళ్లకు దీన్ని చూపించండి, ముఖం వెలిగిపోతుంది. మా బాపు పాలు, కూలీ లెక్కలు ఇలాగే రాసుకుంటున్నాడు.

నాలుగోది మాట. గూగుల్ 2017 ఆగస్టులో వాయిస్ టైపింగ్‌లోకి తెచ్చిన భారతీయ భాషల్లో తెలుగు కూడా ఉంది. అప్పటితో పోలిస్తే ఇప్పుడు చాలా మెరుగైంది. కానీ మన దగ్గర ఒక చిక్కుంది. మైకు ముందు మనం మామూలుగా మాట్లాడం, వార్తలు చదివినట్టు మాట్లాడతాం. ఎందుకంటే "ఎక్కడికి వెళ్తున్నావు" అంటే సరిగ్గా పడుతుంది, "ఏడికి వోతున్నవ్" అంటే ఒక్కోసారి ఏదేదో పడుతుంది. నా ఫోన్‌లో "గిట్ల", "జర", "మల్ల" అన్న మాటలు ఒకసారి సరిగ్గా వస్తాయి, మరోసారి వేరే మాటలవుతాయి. ఇంటి మాట మార్చుకుని మాట్లాడితేనే పని చేసే మెషీన్ ముందు పెద్దవాళ్లు రెండుసార్లు ప్రయత్నించి "నువ్వే కొట్టు బిడ్డా" అని ఇచ్చేస్తారు. చేతులు మారడం మళ్లీ మొదలు.

ఒక్క అక్షరం ఐఫోన్లను ఆపేసిన రోజు

ఇవన్నీ చిన్న ఊళ్ల సమస్యలు, ఖరీదైన ఫోన్ కొంటే పోతాయి అనుకునేవాళ్లకు 2018 ఫిబ్రవరి గుర్తుచేయాలి. "జ్ఞా" అనే తెలుగు అక్షరాన్ని, కంటికి కనబడని ఒక గుర్తుతో కలిపి ఒక ప్రత్యేక క్రమంలో రాసి మెసేజ్ పంపితే, ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో మెసేజ్ యాప్ మూసుకుపోయేది. అది నోటిఫికేషన్‌లో కనబడితే ఫోనే మొరాయించేది. ప్రపంచమంతా దాన్ని "తెలుగు బగ్" అన్నారు. ఫిబ్రవరి 19న 11.2.6 అప్‌డేట్ ఇచ్చి యాపిల్ దాన్ని సరిచేసింది.

తప్పు తెలుగుది కాదు, అక్షరాన్ని స్క్రీన్ మీద గీసే సాఫ్ట్‌వేర్‌ది. జ, పొల్లు, ఞ, దీర్ఘం, ఈ నాలుగూ కలిసి ఒక్క రూపం కావాలి. మన లిపి పక్కకే కాదు, కిందికీ పైకీ కూడా పెరుగుతుంది. ఇంగ్లిష్‌ను దృష్టిలో పెట్టుకుని గీసిన బటన్‌లో తెలుగు పెడితే "స్త్రీ" కింద వత్తు కోసుకుపోతుంది, రెండు వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ఫాంట్ సైజు పెంచిన రోజు ఇది బాగా తెలుస్తుంది. అసలు ఫాంట్ పెంచేదే పెద్దవాళ్లు. అంటే ఎవరికి అవసరమో వాళ్ల స్క్రీనే ముందు చెడుతుంది. అందుకే నేను రివ్యూ చేసే ప్రతి ఫోన్‌లోనూ తెలుగు పెట్టి, ఫాంట్ చివరి దాకా పెంచి, డయలర్, మెసేజ్, డబ్బు యాప్ మూడూ తెరిచి చూస్తాను.

ఫాంట్లంటే మన దగ్గర కరువేం లేదు. గూగుల్ ఫాంట్స్‌లో "సురవరం", "మండలి", "గిడుగు" లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. ఫోటో మీద పేరు రాయాలన్నా, పెళ్లి కార్డు ఫోన్‌లోనే చేసుకోవాలన్నా వాడి చూడండి. అందరి స్టేటస్‌లు ఒకేలా ఉన్నచోట మీది వేరుగా కనిపిస్తుంది. స్టైల్ అంటే ఇదీ స్టైలే.

ఆదిలాబాద్‌లో లెక్క ఇంకా పెద్దది

కరీంనగర్‌లో సమస్య తెలుగుకూ ఇంగ్లిష్‌కూ మధ్య. ఉట్నూరు, ఇంద్రవెల్లి దాటి గూడేలవైపు వెళ్తే ఇంట్లో మాట గోండి, లేదా కొలామి. బడిలో తెలుగు, ఫోన్‌లో ఇంగ్లిష్. 2011 జనగణన ప్రకారం దేశంలో గోండి మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షలు. అయినా ఆ 22 భాషల జాబితాలో గోండి లేదు. కాబట్టి ఇందాక చెప్పిన ప్రమాణం కింద ఫోన్‌లో గోండి ఉండాలన్న నియమం లేదు.

అలాగని ఏమీ జరగలేదని కాదు. ఆదిలాబాద్ జిల్లాలోని గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల్లోని గోండి లిపి 2018లో యూనికోడ్ 11లో చేరింది. అంతకు ముందు ఏడాదే, మున్షీ మంగళ్ సింగ్ మాసారాం 1918లో తయారుచేసిన మరో గోండి లిపి యూనికోడ్ 10లో చేరింది. గూగుల్ నోటో వరుసలో గుంజాల గోండికి ఫాంట్ కూడా ఉంది. ఒక ఊరి పేరుతో ఉన్న లిపికి ప్రపంచంలోని ప్రతి కంప్యూటర్‌లో చోటు దొరకడం మామూలు సంగతి కాదు.

కానీ చోటు దొరకడం వేరు, వాడుకలోకి రావడం వేరు. గోండి మాట్లాడే పత్తి రైతు చేతిలో ఫోన్ ఉంటే, బ్యాంకు మెసేజ్ ముందు ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి, తర్వాత తెలుగు నుంచి గోండిలోకి మారాలి. రెండు చేతులు మారాక గానీ తన డబ్బు సంగతి తనకు తెలియదు. ఇలాంటిచోట వాట్సాప్ వాయిస్ మెసేజ్ ఎందుకంత నడుస్తుందో అర్థం చేసుకోవచ్చు. దానికి లిపి అక్కర్లేదు, కీబోర్డు అక్కర్లేదు, ఎవరి సాయమూ అక్కర్లేదు. నొక్కి పట్టుకుని సొంత భాషలో మాట్లాడితే చాలు.

పది నిమిషాల పరీక్ష

ఇంట్లో పెద్దవాళ్లకు ఫోన్ కొనబోతుంటే స్పెసిఫికేషన్ కాగితం పక్కన పెట్టి, వాళ్లను షాపుకు తీసుకెళ్లి, డెమో ఫోన్ మీద ఈ అయిదు పనులు వాళ్ల చేతే చేయించండి. మీరు మాత్రం వేలు పెట్టకండి.

1. తెలుగు పెట్టి, ఫాంట్ బాగా పెంచి, ఒక పాత మెసేజ్ పైకి చదవమనండి. వత్తులు తెగితే, బటన్ల మీద మాటలు సగమే కనిపిస్తే ఆ ఫోన్ వద్దు.

2. వాళ్ల ఇంటి మాటలో, మార్చకుండా, వాయిస్ టైపింగ్‌లో ఒక వాక్యం చెప్పమనండి. మూడుసార్లలో రెండుసార్లన్నా పట్టుకోవాలి.

3. ఒంటి చేత్తో ఫోన్ ఎత్తి, అన్‌లాక్ చేసి, కాల్ చేయమనండి. బీడీలు చేసే చేతికి, పత్తి ఏరే చేతికి వేలిముద్ర సరిగ్గా పడకపోవచ్చు. అలా అయితే పిన్ లాక్ పెట్టండి, ఆ పిన్ వాళ్లే ఎంచుకోవాలి.

4. జేబులోనో, నడుముకు కట్టే సంచిలోనో పెట్టి చూడమనండి. ఇప్పటి ఫోన్లు చాలావరకు 200 గ్రాముల దగ్గర ఉన్నాయి, కవర్ వేస్తే ఇంకా ఎక్కువ. చొక్కా జేబు కిందికి జారితే ఆ ఫోన్ ఇంట్లో గూట్లోనే ఉండిపోతుంది. మెడకు వేసుకునే తాడు, దూరం నుంచి కనబడే రంగు కవర్ వాళ్లకు నచ్చినవే కొనండి. అద్దం లాంటి కవర్ వెనక దేవుడి ఫోటో పెట్టుకుంటామంటే పెట్టుకోనివ్వండి. అది వాళ్ల స్టైల్.

5. గూగుల్ అకౌంట్ వాళ్ల పేరు మీద, వాళ్ల ఎదుటే తెరవండి. పాస్‌వర్డ్ ఇంట్లో ఒక పుస్తకంలో రాసి బీరువాలో పెట్టండి. ఆ పుస్తకంలోనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930 కూడా రాయండి. యూపీఐ పిన్ మాత్రం ఎక్కడా రాయొద్దు, మీరూ అడగొద్దు.

చివరిది చాలామందికి ఇబ్బంది అనిపిస్తుంది. కొడుకునే కదా, కూతురినే కదా, నాకు తెలిస్తే ఏమైంది అంటారు. నిజమే, చాలా ఇళ్లలో ఏమీ కాదు. కానీ మీకు కూడా చెప్పని పిన్‌ను మీ అమ్మ బయటివాడికి అసలు చెప్పదు. ఆ అలవాటు ఇంట్లోనే పడాలి.

చిన్నమ్మ ఫోన్ పాతదే, బడ్జెట్ ఫోన్. దాన్ని మార్చలేదు. డబ్బు యాప్ తెలుగులోకి మార్చాం, ఫాంట్ పెంచాం, పిన్ కొత్తది ఆమే పెట్టుకుంది. అన్ని సమస్యలూ తీరలేదు. బ్యాంకు మెసేజ్ ఇంకా ఇంగ్లిష్‌లోనే వస్తోంది, అప్పుడప్పుడూ ఇంకా అడుగుతూనే ఉంటది. కానీ మొన్న "కొత్త పిన్ ఏంది చిన్నమ్మా" అని నవ్వుతూ అడిగితే, "నీకెందుకురా?" అన్నది. ఈ ఏడాది నేను చూసిన అప్‌గ్రేడ్‌లలో దానికే ఎక్కువ మార్కులిస్తాను.